ఓడ దిగిన పాలపొడి, తెరుచుకోని గేటు

1946 నవంబరు 30న హోవర్డ్ స్టాన్స్‌బరీ అనే అమెరికా సరుకుల ఓడ జపాన్‌లోని యోకోహామా రేవుకు చేరింది. అందులో పాలపొడి, డబ్బాల్లో నిల్వచేసిన తిండి, బట్టలు ఉన్నాయి. అంతకు ఏడాదిన్నర ముందు, 1945 మే 29న, అదే నగరాన్ని అమెరికా బాంబర్లు ఒక్క ఉదయంలో తగలబెట్టాయి. కొట్టిన చేయే పాలు పోసిందని ఈ కథ చెప్పుకోవడం సులువు. జపాన్‌లో చాలాకాలం అలాగే చెప్పుకున్నారు. అయితే ఆ పాలపొడికి డబ్బు పెట్టినవారిలో ఎవరెవరు ఉన్నారు, అది ఏ గోడల వెనక ఉన్నవారి కోసం వచ్చింది, ఆ గోడల సంగతి తర్వాత ఏమైంది అని అడిగితే కథ వేరే దారి పడుతుంది. దానం గురించి ప్రతి పున్నమికీ మాట్లాడుకునే మనకు ఆ దారి తెలియడం అవసరం.

ముందు ఆకలి సంగతి. యుద్ధం ముగిసేనాటికి జపాన్‌లో మామూలు పెద్ద మనిషికి రోజుకు ఇచ్చే రేషన్ సుమారు 300 గ్రాముల ధాన్యం. అంతా బియ్యమే కాదు. చిలగడదుంపలో, సోయా పిప్పో, ఏది దొరికితే అది బియ్యం లెక్కలో కట్టి ఇచ్చేవారు. అదైనా చెప్పిన రోజుకు వచ్చేది కాదు. పట్నాల జనం కిక్కిరిసిన రైళ్లలో పల్లెలకు పోయి, పెట్టెలో దాచుకున్న పట్టుబట్టలు రైతులకిచ్చి దుంపలు తెచ్చుకున్నారు. దొంగ బజారు లేకపోతే బతుకే లేదు. టోక్యో కోర్టులో యమగుచి యోషితదా అనే జడ్జి ఉండేవాడు. దొంగ బజారు సరుకు కొన్నవాళ్లను శిక్షించే కుర్చీలో కూర్చుని, ఆ సరుకే ఇంటికి తెచ్చుకోవడం తగదని, రేషన్‌తోనే బతకడానికి పూనుకున్నాడు. 1947 అక్టోబరులో పోషకాహారం లేక చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 33.

జడ్జి చావును ఆ దేశం నీతికథగా చెప్పుకుంది. నాకు అందులో కనిపించే లెక్క వేరు. ఆయన దొంగ బజారుకు పోనన్నాడు. పోదామన్నా పోలేనివాళ్లు కూడా ఉన్నారు. అనాథాశ్రమంలో పిల్లలు, వృద్ధాశ్రమంలో ముసలివాళ్లు, క్షయ ఆస్పత్రిలో మంచం పట్టినవాళ్లు, కుష్ఠు ఆశ్రమంలో గేటు దాటే హక్కే లేనివాళ్లు. వాళ్ల దగ్గర అమ్ముకోవడానికి పట్టుబట్టలు లేవు, రైలెక్కి పోవడానికి కాళ్లో అనుమతో లేదు. చదువుకున్న జడ్జినే చంపిన రేషన్, దానిమీదే ఆధారపడిన ఆశ్రమవాసిని ఏం చేసి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒకయెడ ఊహతో పని లేదు. ఒకాయామా తీరాన ఉన్న నాగషిమా ఐసేయెన్ అనే కుష్ఠు ఆశ్రమంలో 1945 ఒక్క ఏడాదిలోనే మూడు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లను చంపింది ఆ జబ్బు కాదు. ఆకలి, క్షయ, ఒంట్లో సత్తువ లేకున్నా తప్పని చాకిరీ. అలాంటి ఆశ్రమాల్లో వంట, పొలం పని, తోటి రోగుల సేవ, చివరికి శవ దహనం కూడా రోగులే చేసుకునేవారు.

పిల్లల సంగతి చూద్దాం. 1948 ఫిబ్రవరి 1న ప్రభుత్వం అనాథల లెక్క తీస్తే 1,23,511 మంది తేలారు. వాళ్లలో ఆశ్రమాల్లో ఉన్నది పన్నెండు వేలమంది లెక్కన మాత్రమే. మిగిలిన చాలామంది బంధువుల ఇళ్లలో ఉన్నారు. ఎవరికీ పట్టనివాళ్లు టోక్యోలోని ఉయెనో స్టేషన్ కింద సొరంగపు దారుల్లో పడుకునేవారు. పోలీసులు వాళ్లను చుట్టుముట్టి లారీల్లో ఎక్కించి ఆశ్రమాల్లో వదిలేవారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు జంతువుల వేటకు వాడే మాట. తీసుకుపోయిన పిల్లలు మళ్లీ పారిపోయి వచ్చేవారు. లోపలి తిండి కంటే వీధిలో అడుక్కున్నదే నయమని.

ఈ స్థితిలో పనిచేసిన సహాయ వ్యవస్థ పేరు లారా. ఇంగ్లీషులో లైసెన్స్‌డ్ ఏజెన్సీస్ ఫర్ రిలీఫ్ ఇన్ ఏషియా అన్న మాటల పొట్టి పేరు. ఓడిన దేశానికి ఎవరు పడితే వారు సాయం పంపడానికి మొదట్లో అమెరికా ఒప్పుకోలేదు. 1946లో క్వేకర్లు, ఇతర ప్రొటెస్టెంటు సంఘాలు, కాథలిక్కులు, కార్మిక సంఘాలు, ఇలా డజనుకు పైగా సంస్థలు ఒక్క గొడుగు కిందికి చేరాక అనుమతి దొరికింది. 1952 వరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. మొత్తం సుమారు 16 వేల టన్నుల సరుకు. అందులో నాలుగింట మూడు వంతులు తిండి. పాల కోసం రెండు వేలకు పైగా మేకలు కూడా ఓడల్లో వచ్చాయి. ఏదో ఒక రూపంలో ఈ సాయం అందుకున్నవారు సుమారు 1 కోటి 40 లక్షలు. ఆనాటి జపాన్ జనాభాలో ఆరుగురిలో ఒకరు.

మొదటి ఓడల సరుకులో ముందు వరుస ఆశ్రమాలది. తర్వాత బడిపిల్లలు. 1946 డిసెంబరు 24న టోక్యోలోని ఒక ప్రాథమిక పాఠశాలలో లారా సరుకుతో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. జపాన్‌లో ఈనాడు నడిచే బడి భోజనం పునాది అక్కడ పడింది. వెన్న తీసిన ఆ పాలపొడి వాసన ఆ తరం పిల్లలకు బొత్తిగా నచ్చేది కాదట. ముక్కు మూసుకుని తాగేవారు. మన పల్లెల్లో కేర్ సంస్థ పంపిన గోధుమ రవ్వ ఉప్మా తిని బడికి పోయిన తరానికి ఈ ముచ్చట చెబితే వాళ్లకూ ఒక వాసన గుర్తుకు రావచ్చు.

ఇక డబ్బు పెట్టినవారి విషయం. లారా సరుకులో దాదాపు ఐదింట ఒక వంతు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో స్థిరపడ్డ జపనీయులు ఇచ్చినది. పెట్టెల మీద వాళ్ల పేరు లేదు. ఒక జాతివాళ్లు తమ జాతివాళ్లకే విడిగా పంపుకునే వీలు లేనందువల్ల వాళ్ల చందాలు క్వేకర్ల వంటి సంస్థల ద్వారా లారాలో కలిసిపోయాయి. అందుకే పాలు తాగినవారికి దశాబ్దాలపాటు ఆ సంగతి తెలియలేదు.

ఆ జపనీయులు ఎలాంటి స్థితిలో ఇచ్చారో చూడాలి. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో అమెరికా పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారిని ఇళ్లనుంచి లేపి ఎడారుల్లో, బీడు భూముల్లో కట్టిన శిబిరాల్లో పెట్టారు. మొత్తం సుమారు 1 లక్షా 20 వేల మంది. వాళ్లలో మూడింట రెండు వంతులు అమెరికాలోనే పుట్టిన పౌరులు. ఎవరిమీదా నేరం రుజువు చేయలేదు, పుట్టుకే నేరం. పుట్టుకే నేరమవడం అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవారికి నేను వివరించనక్కరలేదు. పెర్ల్ హార్బర్ దాడి జరిగిన వెంటనే ముందుగా పట్టుకుపోయినవారిలో బౌద్ధ పూజారులు ఉన్నారు. బౌద్ధుడు కావడం ఒక అనుమానం, జపనీయుడు కావడం ఇంకో అనుమానం. ఉత్తర అమెరికా బౌద్ధ మిషన్ అనే సంస్థ తన పేరును ‘బుద్ధిస్ట్ చర్చెస్ ఆఫ్ అమెరికా’ అని మార్చుకున్నది 1944లో, యూటా ఎడారిలోని టోపాజ్ శిబిరం చుట్టూ నడిచిన చర్చల్లోనే. చర్చి అన్న మాట తగిలించుకుంటే తప్ప మనుషులుగా చూడరన్న భయం ఆ పేరులో ఉంది.

యుద్ధం అయ్యాక బయటికి వచ్చేసరికి చాలామందికి పొలాలు లేవు, దుకాణాలు లేవు, అద్దె ఇళ్లు దొరకవు. తీర నగరాల్లో బౌద్ధ ఆలయాలే తిరిగివచ్చినవారికి తాత్కాలిక వసతి గృహాలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లో, 1945 నవంబరులో, అసానో షిచినోసుకే అనే పాత్రికేయుడు మరికొందరితో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాన్ శరణార్థుల సహాయ సంఘం పెట్టాడు. ఆయనా నిర్బంధ శిబిరంలో ఉండి వచ్చినవాడే. ఒక పూట తిండి తగ్గించుకునైనా, ఒక రోజు చేతి ఖర్చు మిగుల్చుకునైనా పంపుదామని తమవాళ్లను కోరాడు. కెనడా, బ్రెజిల్, అర్జెంటీనాల్లోని జపనీయులూ కదిలారు. తమకే ఇల్లు లేనివాళ్లు సముద్రం అవతల ఇల్లు లేనివాళ్లకు పంపారు.

ఇందులో త్యాగం ఉంది, నిజమే. నేను చెప్పదలచింది ఇంకొకటి. ఒక సంస్థ గోడల లోపల పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడడం అంటే ఏమిటో వీళ్లకు తెలుసు. కాలిఫోర్నియాలోని మంజనార్ శిబిరంలో హారీ ఉయెనో అనే వంటశాల కార్మికుడు, తమకు రావలసిన చక్కెర, మాంసం లోపలి అధికారులే దారి మళ్లిస్తున్నారని లెక్కలు తీసి ఆరోపించాడు. 1942 డిసెంబరులో ఇంకో కేసు మీద ఆయన్ను అరెస్టు చేయగా శిబిరం లేచింది. కాపలా సైనికులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అరెస్టుకు చెప్పిన కారణం ఏదైనా, జనంలో ఉడుకుతున్న కోపంలో గల్లంతైన చక్కెర ఉంది. గోదాము దాకా వచ్చిన తిండికీ నోటి దాకా వచ్చిన తిండికీ మధ్య దూరం ఎంతో మంజనార్ చూసినవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

లారా నడిచిన పద్ధతిలో ఆ దూరం మీద శ్రద్ధ కనిపిస్తుంది. సరుకు ఉచితంగానే ఇవ్వాలి, మతం గానీ రాజకీయం గానీ చూడకూడదు, అవసరం ఎక్కువ ఉన్నవారికి ముందు ఇవ్వాలి అన్నవి నియమాలు. పంపిణీ జపాన్ సంక్షేమ శాఖది. దానిమీద కన్నేసి ఉంచడానికి లారా తరఫున ముగ్గురు జపాన్‌లో ఉండేవారు: కెనడా నుంచి వచ్చిన ఎర్నెస్ట్ బాట్ అనే ప్రొటెస్టెంటు మిషనరీ, మైకేల్ మెకిలప్ అనే కాథలిక్ ఫాదరీ, ఎస్తర్ రోడ్స్ అనే క్వేకర్ ఉపాధ్యాయురాలు. రోడ్స్ యుద్ధానికి ముందు టోక్యోలో ఆడపిల్లల బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది. యుద్ధకాలంలో అమెరికాలో ఉండి నిర్బంధ శిబిరాల్లోని జపనీయులకు సాయం చేసింది. 1946లో మళ్లీ జపాన్ వచ్చింది. ముళ్లకంచె లోపల జీవితం ఆమెకూ కొత్త కాదు. వీళ్లు ఆశ్రమాలకు స్వయంగా పోయి, వచ్చిన సరుకు పిల్లలకు, రోగులకు చేరిందో లేదో చూసుకునేవారు. ముగ్గురూ క్రైస్తవులే, తీసుకున్నవారిలో అత్యధికులు బౌద్ధులు. బాప్తిస్మానికీ పాలపొడికీ లంకె పెట్టకపోవడం చిన్న విషయం కాదు. మన దేశంలో అన్నదానం పేరుతో పంక్తులు వేరుచేసి కూర్చోబెట్టిన అలవాటు ఎరిగినవాళ్లం, ఈ ఒక్క విషయంలోనైనా వాళ్లకు నమస్కారం పెట్టాలి.

ఈ పర్యవేక్షణ లేనిచోట ఏమయ్యేదో అదే కాలంలో టోక్యోలో బయటపడింది. కొతొబుకి అనే ప్రసూతి గృహం పెంచలేని తల్లుల దగ్గర డబ్బు తీసుకుని పసికందులను ఉంచుకునేది. పిల్లల పేరు మీద ప్రభుత్వం ప్రత్యేకంగా పాలపొడి, చక్కెర ఇచ్చేది. 1948 జనవరిలో పోలీసులు పిల్లల శవాలు తరలిస్తున్న మనిషిని పట్టుకుంటే విషయం తేలింది. ఆ సరుకు దొంగ బజారుకు పోయింది. పిల్లలు పాలు లేక ఒక్కొక్కరే రాలిపోయారు. చనిపోయినవారు నూరుమందికి అటూ ఇటూ ఉంటారని తేలింది. అది లారా సరుకు కాదు, రేషన్ సరుకు. అయినా పాఠం ఒక్కటే. ఆ పసివాళ్ల పేర్లు పుస్తకంలో ఉన్నాయి, కోటా ఉంది, సంతకాలు ఉన్నాయి. లేనిదల్లా ఉయ్యాల దాకా నడిచివచ్చి గిన్నెలోకి తొంగిచూసే మనిషి.

ఇక్కడ వినయ పిటకం మహావగ్గలోని ఒక ఘటన తలచుకోవాలి. ఒక భిక్ఖు కడుపు జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. బుద్ధుడు ఆనందుడితో కలిసి విహారాన్ని చూస్తూ అక్కడికి వచ్చాడు. నిన్ను ఎవరూ ఎందుకు చూడడం లేదని అడిగితే, నేను భిక్ఖులకు ఏ ఉపకారమూ చేయను గనుక అన్నాడు ఆ రోగి. బుద్ధుడు నీళ్లు తెప్పించి పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాత సంఘాన్ని పిలిచి, తనకు సేవ చేయాలనుకునేవాడు రోగికి చేయాలని చెప్పాడు. ఈ కథను మనం సాధారణంగా కరుణకు ఉదాహరణగా చెప్పి ముగిస్తాం. కానీ అది జరిగిన చోటు విహారం. తిండి, వసతి, మందు అన్నీ దానంగా వచ్చే సంస్థ. అక్కడ కరువు లేదు. ఉపయోగంలేని మనిషికి వాటా చేర్చేవాడే లేడు. అందుకే బుద్ధుడు మంచి మాటతో సరిపెట్టలేదు, నియమం పెట్టాడు. రోగిని చూడవలసిన బాధ్యత ఎవరిది, వారు లేకపోతే ఎవరిది అని వరుసగా చెప్పాడు. ఎవరూ చూడకపోతే సంఘం మీద దోషం వేశాడు. సేవ చేసేవాడికి ఉండవలసిన లక్షణాల్లో ఒకటి, లాభం ఆశించి కాక మైత్రితో చేయడం. ఇంకొకటి, మలమూత్రాలకు, వాంతులకు ఏవగించుకోకపోవడం. కొతొబుకి నడిపినవాళ్లకు ఇందులో మొదటిది లేదు. మన కులసమాజం రెండవదాన్ని ఒక కులం నెత్తిన పెట్టి చేతులు కడుక్కుంది.

దేశం ఎల్లలు దాటి సాయం పంపడమూ మనకు కొత్త సంగతి కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. వాటిలో రెండవ శిలాశాసనం, తన రాజ్యంలోనే గాక చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్ర దేశాల్లో, తామ్రపర్ణిలో, యవనరాజు అంతియోకుడి రాజ్యంలో కూడా మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేసినట్టు చెబుతుంది. మందు మొక్కలు, దుంపలు, పండ్లు లేనిచోటికి తెప్పించి నాటించారని కూడా ఉంది. గెలిచిన దేశమా, ఓడిన దేశమా, పొరుగు దేశమా అన్న తేడా ఆ జాబితాలో లేదు. మన తెలుగు నేల మీద ఉన్న ఈ రాతిని చూడడానికి మనలో ఎంతమంది పోయివచ్చారన్నది వేరే ప్రశ్న.

మళ్లీ జపాన్‌కు, ఆ కుష్ఠు ఆశ్రమాలకు వద్దాం. లారా సరుకు అక్కడికీ చేరింది. ఆకలి చావులు తగ్గాయి. ఇంతవరకు సంతోషం. కానీ తిండి పోయే గేటులోంచి మనిషి బయటికి రాకూడదన్న చట్టం అలాగే ఉంది. 1907లో వీధుల్లో తిరిగే రోగులను పట్టి ఉంచడానికి మొదలైన ఆ చట్టం, 1931 నాటికి ఇంట్లో ఉన్న రోగులందరినీ జీవితాంతం వేరుచేసేదిగా మారింది. ఆశ్రమంలో చేరగానే ఇంటివారికి మచ్చ రాకుండా చాలామందికి మారుపేరు పెట్టేవారు. పెళ్లి చేసుకోవాలంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవాలి. తిరగబడినవారిని కుసత్సులోని ఆశ్రమంలో, మంచు కురిసే కొండ మీద, వెలుతురు లేని చీకటి కొట్లలో పెట్టేవారు. అక్కడే కొందరు చనిపోయారు.

ఇందులో బౌద్ధానికి భాగం లేదని మనం తప్పించుకోలేం. జపాన్ బౌద్ధ చరిత్రలో ఈ విషయానికి రెండు ముఖాలు ఉన్నాయి. 13వ శతాబ్దంలో నారా నగరంలో ఎయిసోన్, ఆయన శిష్యుడు నిన్షో అనే భిక్షువులు హినిన్‌లను దగ్గరికి తీశారు. హినిన్ అంటే మనిషి కానివాడు అని అర్థం. అలా పిలవబడ్డవారిలో బిచ్చగాళ్లు, కుష్ఠు రోగులు ఎక్కువ. మంజుశ్రీ బోధిసత్వుడు దిక్కులేనివాడి రూపంలో వస్తాడన్న నమ్మకంతో 1269లో హన్న్యాజి ఆలయం దగ్గర సుమారు రెండు వేల మంది హినిన్‌లకు ఎయిసోన్ దానం చేశాడు. నిన్షో అయితే, నడవలేని ఒక రోగిని రోజూ వీపున మోసుకుని బజారులో భిక్ష అడిగే చోటికి చేర్చి, సాయంత్రం తిరిగి తెచ్చేవాడని పాత జీవితచరిత్రలు చెబుతాయి. పూజారి అంటరానివాణ్ని వీపున మోసిన కథ మన వైపు ఎన్ని గుళ్ల చరిత్రలో దొరుకుతుంది?

రెండో ముఖం. అదే బౌద్ధం కుష్ఠును పూర్వకర్మ ఫలమని చెప్పింది. సద్ధర్మపుండరీక సూత్రం చివరి అధ్యాయంలో ఆ సూత్రాన్ని పట్టినవారిని నిందిస్తే ఈ జన్మలోనే తెల్ల కుష్ఠు వస్తుందన్న బెదిరింపు ఉంది. జపాన్‌లో ప్రమాణ పత్రాలు రాసేటప్పుడు, మాట తప్పితే కుష్ఠు వచ్చుగాక అని రాయడం ఆచారమైంది. కర్మ జబ్బు అన్న పేరే స్థిరపడింది. 20వ శతాబ్దంలో ఆశ్రమాల్లో ప్రసంగాలు చేయడానికి పోయిన పూజారులు, ఇది నీ గతజన్మ ఫలం, నీ వాళ్ల కోసం, దేశం కోసం ఓపికగా ఇక్కడే ఉండు అని చెప్పారు. ఒక చేత్తో అన్నం పెట్టి, ఇంకో చేత్తో గడియ వేసిన ధర్మం అది.

అందరూ అలా లేరు. ఒగసవారా నొబోరు అనే డాక్టర్ జోదో షిన్షూలోని ఒతాని శాఖకు చెందిన ఆలయ కుటుంబంలో పుట్టాడు. క్యోటో విశ్వవిద్యాలయం ఆస్పత్రిలో కుష్ఠు రోగులను బంధించకుండా, వచ్చిపోయే రోగులుగా చూసేవాడు. ఇది తేలిగ్గా అంటుకునే జబ్బు కాదు, తీరని జబ్బూ కాదు. మంచి తిండి లేక, ఇరుకు ఇళ్లలో బతికి ఒళ్లు బలహీనపడ్డవారికే ఎక్కువగా పట్టుకుంటుంది అన్నాడు. అంటే పూర్వకర్మను తీసేసి ఆ స్థానంలో తిండినీ ఇంటినీ పెట్టాడు. ఆశ్రమాల్లోకి మనుషులను తోలడం కంటే పల్లె పేదవాడి కంచం మార్చడం మందు అన్నట్టే కదా. 1941లో కుష్ఠు వైద్యుల సభలో ఆయన్ను చుట్టుముట్టి నోరు నొక్కారు. ఆయన పంథా ఆగిపోయింది. చరిత్ర ఆయన వైపే ఉందని తేలేసరికి ఆయన లేడు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ రెండు ముఖాలనూ ఎరిగే మాట్లాడారు. 1950లో మహాబోధి పత్రికలో బౌద్ధ ధర్మ భవిష్యత్తు మీద రాసిన వ్యాసంలో ఆయన భిక్ఖు సంఘాన్ని గట్టిగానే నిలదీశారు. మనుషుల బాధ పట్టని భిక్ఖు ఎంత ఆత్మశుద్ధి సాధించినా భిక్ఖు కాడన్నది ఆయన మాటల సారం. క్రైస్తవ మిషనరీల్లా చదువు, వైద్యం అందించే సేవకులు మనకు కావాలన్నారు. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ ముందుమాటలో ఆయన లేవనెత్తిన నాలుగు ప్రశ్నల్లో చివరిది, భిక్ఖు తన పరిపూర్ణత కోసం ఉన్నాడా, జనసేవ కోసమా అన్నదే. అదే పుస్తకంలో గతజన్మ కర్మ వల్ల ఈ జన్మలో పేదరికం, రోగం వస్తాయన్న వాదాన్ని ఆయన బుద్ధుడి బోధ కాదని తోసిపుచ్చారు. ఈ రెండూ వేరువేరు మాటలని చాలామంది అనుకుంటారు. జపాన్ ఆశ్రమాల చరిత్ర చదివితే అవి ఒకే మాట అని అర్థమవుతుంది. కర్మను నమ్ముతూ సేవకు పోయినవాడు రోగికి గంజి పోస్తాడు, గోడను మాత్రం ముట్టుకోడు. ఎందుకంటే ఆ గోడ న్యాయమైనదేనని అతని నమ్మకం.

అంబేడ్కర్ జయంతికి, బుద్ధ పూర్ణిమకు మన సంఘాలు కూడా బియ్యం బస్తాలతో హాస్టళ్లకు, వృద్ధాశ్రమాలకు, మానసిక రోగుల ఆశ్రమాలకు పోతున్నాయి. ఇప్పుడు గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి మనవాళ్లు చందాలు పంపుతున్నారు. మంచిదే. పోయినప్పుడు మేనేజరు గదిలో బస్తా దింపి, ఫొటో దిగి రావడం తేలిక. వంటశాలలోకి పోయి ఆ రోజు ఏం వండారో చూడడం, పడుకున్న మనిషి పక్కన కూర్చుని నిన్న ఏం తిన్నావని అడగడం కొంచెం కష్టం. ఇక్కడినుంచి పోవాలనుకుంటే నిన్ను పోనిస్తారా అని అడగడం ఇంకా కష్టం. ఆ చివరి ప్రశ్న అడిగితే మళ్లీ లోపలికి రానివ్వరేమోనన్న భయం ఉంటుంది. లారా ప్రతినిధులకూ ఆ భయం ఉండి ఉండవచ్చు. వాళ్లు సరుకు అందిందా అని అడిగారు, గేటు గురించి అడగడం వాళ్ల పని అనుకోలేదు. వాళ్లను తప్పుపట్టలేను. ఆక్రమిత దేశంలో వాళ్ల చేతిలో ఉన్నది పాలపొడి పంచే అనుమతి ఒక్కటే.

గేటు గురించి అడిగింది లోపలివాళ్లే. యుద్ధం తర్వాత ప్రోమిన్ అనే మందు వచ్చి కుష్ఠు నయమయ్యే జబ్బయింది. ఆ మందుకు బడ్జెట్‌లో డబ్బు పెట్టమని రోగులే సంఘాలు కట్టి పోరాడి సాధించారు. 1953లో ప్రభుత్వం పాత చట్టానికే కొత్త పేరు పెట్టి తేబోతే నిరాహార దీక్షలు చేశారు, టోక్యో పోయి పార్లమెంటు ముందు కూర్చున్నారు. ఎనిమిదేళ్ల కింద తోటివాళ్లు ఆకలితో చావడం చూసినవాళ్లు, ఇప్పుడు తిండి ఉండి తిననన్నారు. చట్టం అయినా వచ్చింది. అది రద్దయింది 1996 ఏప్రిల్ 1న. ఆ సంవత్సరమే ఒతాని శాఖ, రోగులను వేరుచేసే పనిలో తాను పాలుపంచుకున్నందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. 2001 మే 11న కుమమోతో కోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. ప్రభుత్వం అప్పీలుకు పోలేదు.

నాగషిమా ఒక దీవి. ఒడ్డుకూ దీవికీ మధ్య నీటిపాయ, బాగా ఇరుకైన చోట 30 మీటర్లు. లారా పాలపొడి ఆ నీళ్లు దాటి పడవలో వచ్చింది. లోపలివాళ్లు వంతెన కోసం 17 ఏళ్లు అడిగారు. 1988 మేలో అది తెరుచుకుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు, మనిషితనం తిరిగి వచ్చిన వంతెన అని. అప్పటికే చాలామందికి డెబ్బై దాటాయి. దాటి పోవడానికి ఇల్లు లేదు, పిలిచేవాళ్లు లేరు. చనిపోయినవారి అస్థికలను తీసుకుపోవడానికి ఎన్నో కుటుంబాలు రాలేదు. అవి దీవి మీది అస్థికల మందిరంలోనే ఉన్నాయి. వాటిలో కొన్ని మారుపేర్ల మీద ఉన్నాయి.